ఫ్లైవీల్ పగిలితే ముక్క ఎటు పోతుంది? రేసు కారు క్లచ్ రక్షణలో అసలు లెక్క

క్లుప్తంగా: రేసు కారులో క్లచ్ రక్షణ అంటే బెల్ హౌసింగ్ (ఇంజన్ చివర తిరిగే ఫ్లైవీల్ చక్రాన్ని, క్లచ్‌ను కప్పే గూడు) చుట్టూ ఉక్కు కవచం బిగించడమేనన్న అభిప్రాయం బలంగా ఉంది. అది ఆఖరి పని. అంతకు ముందు పగలని సామాను ఎంచుకోవాలి, దాన్ని సరిగ్గా బిగించాలి, వేడికి దెబ్బతిన్నదాన్ని పక్కన పడేయాలి. కవచం విషయంలోనూ కారు పేరుకన్నా క్రాంక్ షాఫ్ట్ (ఇంజన్ ప్రధాన ఇరుసు) ఎటు తిరిగి ఉందో, డ్రైవర్ కాళ్లు ఎక్కడున్నాయో ముఖ్యం.

నెల్లూరు నుంచి చెన్నైకి 16వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 175 కిలోమీటర్లు. అక్కడ శ్రీపెరుంబుదూరు దారిలో, ఇరుంగట్టుకోట్టై దగ్గర, 3.7 కిలోమీటర్ల మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ ఉంది. కావలి, ఒంగోలు వైపు సొంతంగా కారు తయారు చేసుకునేవాళ్లకు అందుబాటులో ఉన్న పెద్ద ట్రాక్ అదే. రోల్ కేజ్, సీటు బెల్టులు, మంటలార్పే సిలిండర్ విషయాల్లో ఇప్పుడు పెద్దగా అయోమయం లేదు. చిక్కంతా క్లచ్ దగ్గర. ఒకరు ఉక్కు ఫ్లైవీల్ వేస్తే చాలంటారు. మరొకరు అమెరికా నుంచి స్కాటర్ షీల్డ్, అంటే పగిలిన ముక్కలను ఆపే ఉక్కు కవచం, తెప్పించాలంటారు. ఇంకొకరు గుడ్డ లాంటి బాలిస్టిక్ బ్లాంకెట్ చుట్టి పని అయిపోయిందంటారు. ఈ మూడూ మూడు వేర్వేరు సమస్యలకు జవాబులు. వాటిని ఒకేదానికి ప్రత్యామ్నాయాలుగా చూడటంతోనే పొరపాటు మొదలవుతోంది.

బరువు కాదు, వేగం

ఈ ప్రాంతంలో ఎవరికైనా ఫ్లైవీల్ అనగానే బోరు దగ్గరి పాత ఆయిల్ ఇంజన్ చక్రం గుర్తొస్తుంది. మనిషి నడుము ఎత్తున ఉండి, గార్డు లేకుండా ఏళ్ల తరబడి తిరిగే చక్రమది. అంత పెద్దదే పగలనప్పుడు కారులోని చిన్న పళ్లెం ఏం పగులుతుందన్న ధీమా అక్కడి నుంచే వస్తుంది. లెక్క వేస్తే సంగతి తిరగబడుతుంది. 600 మి.మీ. వ్యాసం ఉన్న ఆయిల్ ఇంజన్ చక్రం నిమిషానికి 850 చుట్లు తిరిగితే దాని అంచు వేగం సెకనుకు 27 మీటర్లకు మించదు. 300 మి.మీ. కారు ఫ్లైవీల్ 7,000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర తిరిగితే అంచు వేగం సెకనుకు 110 మీటర్లు, అంటే గంటకు దాదాపు 400 కిలోమీటర్లు. తిరిగే లోహంలో పుట్టే లాగుడు వేగం వర్గంతో పెరుగుతుంది. కాబట్టి చిన్న పళ్లెంలోని లాగుడు ఆ పెద్ద చక్రంలో కంటే 16, 17 రెట్లు ఎక్కువ.

చీమకుర్తిలో గ్రానైట్ కోసేవాళ్లకు ఇంకో కొలత తెలుసు. యాంగిల్ గ్రైండర్ కటింగ్ డిస్కు మీద సాధారణంగా సెకనుకు 80 మీటర్ల గరిష్ఠ వేగం అచ్చు వేసి ఉంటుంది. ఆ వేగానికే గ్రైండర్‌కు గార్డు తప్పనిసరి. ఫ్లైవీల్ అంచు దాన్ని దాటి తిరుగుతోంది. పైగా డిస్కు ముక్క గ్రాముల్లో ఉంటే ఇక్కడ ముక్క కిలోల్లో ఉంటుంది.

గుండ్రని అంకెలతో చూద్దాం. 8 కిలోలు, 300 మి.మీ. ఫ్లైవీల్ 7,000 ఆర్‌పీఎం దగ్గర సుమారు 24 కిలోజౌళ్ల శక్తిని దాచుకుంటుంది. అది మూడు ముక్కలైతే ఒక్కో ముక్క ముందుకు దూసుకుపోయే శక్తి 4.9 కిలోజౌళ్ల దాకా ఉంటుంది. 25 కిలోల బియ్యం బస్తా ఆరంతస్తుల మేడ మీద నుంచి పడ్డట్టు లెక్క. బస్తాకు అంచు లేదు, ముక్కకు ఉంది. మామూలు అల్యూమినియం బెల్ హౌసింగ్ గేర్ బాక్స్‌ను ఇంజన్‌కు కలిపి పట్టుకోవడానికి పోత పోసింది, ఈ దెబ్బను ఆపడానికి కాదు. ముక్క తగిలితే అదీ పగిలి, అదనంగా మరికొన్ని ముక్కలను గాల్లోకి వదులుతుంది.

ముందు పగిలేది ఏది?

పేరుకు ఫ్లైవీల్ రక్షణే అయినా క్లచ్‌లో బలహీనమైనది తరచుగా ప్రెషర్ ప్లేట్ రింగు, అంటే క్లచ్ ప్లేట్‌ను ఫ్లైవీల్‌కు అదిమిపట్టే వలయం. ఫ్లైవీల్‌కు మధ్యలో క్రాంక్‌కు బిగించిన గట్టి లోహం ఉంటుంది. ప్రెషర్ ప్లేట్‌కు మధ్యలో ఉన్నది ఖాళీ. తన లాగుడు మొత్తాన్ని తన వెడల్పుతోనే భరించాలి. పైగా ఒక ముఖం మీదే రాపిడి వేడి. ఒక టన్ను కారును క్లచ్ జార్చి 40 కి.మీ. వేగానికి తెస్తే క్లచ్‌లో పుట్టే వేడి రమారమి 60 కిలోజౌళ్లు. అందులో సగం 3 కిలోల బీడు (పోత ఇనుము) రింగులోకి పోతే ఒక్క స్టార్టుకు సగటున 20 డిగ్రీలు పెరుగుతుంది. చల్లారే వ్యవధి ఇవ్వకుండా పది స్టార్టులు ప్రాక్టీసు చేస్తే 200 డిగ్రీలు. రాపిడి ముఖం మీద వేడి ఈ సగటుకన్నా చాలా ఎక్కువ ఉంటుంది. నీలం మచ్చలు, వెంట్రుక లాంటి బీటలు పుట్టేది అక్కడే. నీలం మచ్చ రంగు మారడంతో ఆగదు. అక్కడ బీడు గట్టిపడి పెళుసుబారుతుంది, బీటకు దారి ఇస్తుంది.

రెండోది క్లచ్ ప్లేట్, అంటే ఆ రెండింటి మధ్య ఇరుక్కుని ఇంజన్ బలాన్ని గేర్ బాక్స్‌కు అందించే పళ్లెం. దీని ప్రమాదం డ్రైవర్ చేతిలో, నిజానికి ఎడమ కాలి కింద ఉంటుంది. మూడో గేరులో 6,500 ఆర్‌పీఎం దగ్గర పోతూ, క్లచ్ తొక్కి, ఐదో నాలుగో అనుకుని పొరపాటున ఒకటో గేరులోకి లాగితే ఏమవుతుంది? క్లచ్ తొక్కే ఉంది కాబట్టి ఇంజన్‌కు ఏమీ కాదు, టాకోమీటర్ (ఇంజన్ వేగం చూపే మీటరు) ముల్లు కదలదు. చక్రాలు మాత్రం గేర్ బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్‌ను, దాని మీదున్న క్లచ్ ప్లేట్‌ను తిప్పేస్తాయి. మూడో గేరు నిష్పత్తి 1.28, ఒకటోది 3.5 అనుకుంటే ప్లేట్ వేగం దాదాపు 17,800 ఆర్‌పీఎం. 200 మి.మీ. ప్లేట్ అంచు అప్పుడు గంటకు 670 కిలోమీటర్ల వేగంతో ఉంటుంది. రివెట్లతో పట్టి ఉన్న ఆర్గానిక్ లైనింగ్ (రాపిడి పొర) ఊడి చిమ్ముకుపోతుంది. సింక్రో (వేగాలు కలిసేదాకా గేరు పడనివ్వని అమరిక) ఉన్న గేర్ బాక్స్ కొంత మొరాయిస్తుంది, అది లేని రేసు గేర్ బాక్స్, అంటే డాగ్ బాక్స్, అయితే నిరభ్యంతరంగా లోపలికి రానిస్తుంది. క్లచ్ ప్లేట్ కొనేటప్పుడు ఎంత టార్క్ మోస్తుందన్నదే కాక ఎంత వేగం దగ్గర చెదురుతుందో, అంటే బర్స్ట్ స్పీడ్, అడిగి తెలుసుకోవాలి. మంచి తయారీదారు దగ్గర ఆ అంకె ఉంటుంది. లేదంటే ఆ ప్లేట్ రోడ్డు కారుకే.

ఫ్లైవీల్ వంతు మూడోది. ముందు చెప్పిన 300 మి.మీ. బీడు ఫ్లైవీల్‌లో 7,000 ఆర్‌పీఎం దగ్గర మధ్య రంధ్రం అంచున పుట్టే లాగుడు సుమారు 71 మెగాపాస్కల్. సాధారణ బీడు 200 నుంచి 260 దాకా తట్టుకుంటుంది. కాగితం మీద నిబ్బరంగానే ఉంది. తప్పు గేరు పడి, క్లచ్ వదిలాక ఇంజన్ 10,000 ఆర్‌పీఎం చూస్తే అదే లాగుడు 145కు చేరుతుంది. బోల్టు రంధ్రాల అంచున లాగుడు రెండు మూడింతలవుతుంది. దానికి ఒక వేడి బీట తోడైతే నిబ్బరం మిగలదు. బరువు తగ్గిస్తామని బీడు ఫ్లైవీల్‌కు డ్రిల్లింగ్ చేయించడం ఎందుకు పిచ్చిపనో ఈ లెక్కే చెబుతుంది: తగ్గేది అరకిలో, చేరేది ఎనిమిదో పదో బీటల బీజాలు.

సామాను ఎంపిక

బీడు ఫ్లైవీల్‌ను రేసు కారులోంచి తీసేయడమే సరైన నిర్ణయం. ప్రత్యామ్నాయాలు రెండు. దిమ్మె ఉక్కు నుంచి కోసిన లేదా 4140 తరహా క్రోమ్ మాలి ఉక్కుతో చేసిన ఫ్లైవీల్ ఒకటి. హీట్ ట్రీట్ చేసిన ఆ ఉక్కు బలం బీడుకు మూడింతలకు పైనే. అంతకన్నా ముఖ్యం, అది సాగుతుంది. బీడులా హెచ్చరిక లేకుండా పెళుసుగా విరగదు. రెండోది రాపిడి ముఖానికి ఉక్కు పలక బిగించిన 6061 అల్యూమినియం ఫ్లైవీల్. తేలిక, ఇంజన్ చురుగ్గా లేస్తుంది. అయితే వేడి భరించడంలో వెనకబడుతుంది, ఆ పలక స్క్రూలను ప్రతి సీజన్ చూసుకోవాలి. సర్క్యూట్ రేసుకు అది బాగుంటుంది, స్టార్టు మీద స్టార్టు కొట్టే డ్రాగ్ రేసుకు (నిలిచిన చోటి నుంచి నేరు దారిలో పందెం) ఉక్కుదే పైచేయి.

వ్యాసం తగ్గించడం చాలామంది రక్షణగా లెక్కేయని విషయం. 200 మి.మీ. సింగిల్ ప్లేట్ బదులు 140 మి.మీ. ట్విన్ ప్లేట్ క్లచ్ వేస్తే అదే ఆర్‌పీఎం దగ్గర అంచు వేగం 30 శాతం తగ్గుతుంది, లాగుడు సగమవుతుంది. ఖరీదు ఎక్కువే, ట్రాఫిక్‌లో నడపడానికి నరకమే. రేసుకు మాత్రమే వాడే కారుకు ఆ రెండూ అడ్డు కావు.

డీజిల్ కార్లలో వచ్చే డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. రెండు పళ్లేల మధ్య స్ప్రింగులు, గ్రీజు ఉన్న ఆ అమరిక రేసు ఆర్‌పీఎంలకు పనికిరాదు, తీసేయాలి.

ఎస్‌ఎఫ్‌ఐ నంబర్లు ఏం చెబుతాయి?

అమెరికాలో ఎస్‌ఎఫ్‌ఐ అనే సంస్థ రేసు సామానుకు ప్రమాణాలు రాస్తుంది. ఫ్లైవీల్, క్లచ్‌లకు 1.1, 1.2 శ్రేణి. అవి పగలకుండా ఉండటానికి సంబంధించినవి. బెల్ హౌసింగ్ కవచాలకు 6.1, 6.2, 6.3. అవి పగిలినదాన్ని పట్టుకోవడానికి. ఆటోమేటిక్ గేర్ బాక్స్ కవచాలకు, వాటికి చుట్టే బ్లాంకెట్లకు 4.1. ఆన్‌లైన్‌లో బ్లాంకెట్ కొని మాన్యువల్ కారు బెల్ హౌసింగ్‌కు చుట్టేవాళ్లు చూడని తేడా ఇదే. ఆ నంబరు వేరే ప్రమాదానికి ఇచ్చింది. కోసుకుపోయే అంచున్న, కాలుతున్న లోహం ముందు గుడ్డ పొరను మొదటి అడ్డుగా నమ్మలేం. నూనె పీల్చుకున్నాక ఇంకా నమ్మలేం.

డ్రాగ్ రేసులు నడిపే ఎన్‌హెచ్‌ఆర్‌ఏ నియమాల్లో పావుమైలును 11.49 సెకన్లలో లేదా అంతకంటే తక్కువలో దాటే క్లచ్ కారుకు ఎస్‌ఎఫ్‌ఐ ఫ్లైవీల్, క్లచ్, కవచం అన్నీ తప్పనిసరి. ఆ గీత ఊరికే గీసింది కాదు. 1970 మార్చి 8న కాలిఫోర్నియాలోని లయన్స్ డ్రాగ్ స్ట్రిప్‌లో డాన్ గార్లిట్స్ నడుపుతున్న డ్రాగ్‌స్టర్ ట్రాన్స్‌మిషన్ స్టార్టింగ్ లైన్ దగ్గరే పేలిపోయి ఆయన కుడి పాదంలో కొంత భాగం తెగిపోయింది. మరుసటి ఏడాది ఆయన ఇంజన్‌ను తన వెనక్కి మార్చిన కారుతో వచ్చి గెలిచారు. ఆ తరగతి కార్లన్నీ క్రమంగా అదే దారి పట్టాయి. గమనించాల్సింది ఏమంటే, మందమైన కవచం కన్నా ముందు ఆయన చేసింది ముక్కలు ఎగిరే దారిలోంచి మనిషిని తప్పించడం.

మన దేశంలో ఎఫ్‌ఎంఎస్‌సీఐ (భారత మోటార్ స్పోర్ట్స్ క్లబ్బుల సమాఖ్య) గుర్తింపు ఉన్న పోటీలకు ఆయా ఈవెంట్ సప్లిమెంటరీ రెగ్యులేషన్స్ చదవాలి. కొన్ని తరగతుల్లో ఫ్లైవీల్ మార్చడానికే అనుమతి ఉండదు. సామాను కొన్నాక ఆ వాక్యం కంటపడితే డబ్బు వృథా.

ముక్కలు ఎగిరే తలం

ముక్కలు ఇష్టమొచ్చినట్టు చెల్లాచెదురు కావు. ఎక్కువ శాతం క్రాంక్ షాఫ్ట్‌కు అడ్డంగా, ఫ్లైవీల్ తిరిగే తలంలోనే బయటకు దూకుతాయి. పళ్లెం మీద పిండిని గుండ్రంగా తిప్పితే అంచు వెంబడి చిమ్మినట్టు.

జిప్సీ, జీపు లాంటి కార్లలో ఇంజన్ నిలువుగా, అంటే కారు పొడవునా, దాని వెనక గేర్ బాక్స్ ఉంటుంది. ఫ్లైవీల్ తలం కారును అడ్డంగా కోస్తూ నేరుగా డ్రైవర్ పాదాల దగ్గర నుంచి పోతుంది. స్కాటర్ షీల్డ్ పుట్టింది ఇలాంటి కార్ల కోసమే. స్విఫ్ట్, పోలో, హోండా సిటీల్లో ఇంజన్ అడ్డంగా ఉంటుంది. తలం కారు పొడవునా నిలబడుతుంది: ముందుకు రేడియేటర్, పైకి బానెట్, కిందికి రోడ్డు, వెనక్కి ఫైర్ వాల్ (ఇంజన్‌కూ డ్రైవర్‌కూ మధ్య అడ్డుగోడ). డ్రైవర్ సరిగ్గా ఆ తలంలో కూర్చోకపోవచ్చు. కానీ బ్రేకు పైపులు, పెట్రోలు లైను, స్టీరింగ్ రాక్ ఆ దారిలోకి వస్తాయి. ఫార్ములా ఎల్‌జీబీ అనే ఒంటి సీటు రేసు కార్లలో ఇంజన్ వెనక ఉంది కాబట్టి కాళ్లకు భయం లేదు.

దీన్ని తెలుసుకోవడానికి ఖర్చు లేని పద్ధతి ఉంది. బెల్ హౌసింగ్ మీద ఫ్లైవీల్, ప్రెషర్ ప్లేట్ ఉండే వెడల్పును సుద్దతో గుర్తు పెట్టాలి. రెండు వైపులా 25 మి.మీ. చొప్పున కలపాలి. ఆ పట్టీ మీదుగా దారం పట్టి బానెట్, ఫైర్ వాల్, కింది సబ్ ఫ్రేమ్ దాకా లాగి తగిలిన ప్రతిదాన్నీ రాసుకోవాలి. పెట్రోలు పైపు తగిలితే దాన్ని పక్కకు మార్చడం మొదటి పని. ఆ తర్వాత బ్రేకు లైన్లు. చాలా కార్లలో బ్రేకుకు, హైడ్రాలిక్ క్లచ్‌కు ఆయిల్ డబ్బా ఒకటే. క్లచ్ గొట్టం తెగినా బ్రేకు ఆయిల్ మొత్తం కారిపోకుండా క్లచ్ రంధ్రాన్ని డబ్బాలో ఎత్తుగా పెడతారు. మార్చిన డబ్బా వాడుతుంటే ఆ ఎత్తు చూసుకోవాలి.

కవచం చేయించాల్సి వస్తే

నిలువు ఇంజన్ కార్లలో కొన్నింటికి తయారు కవచం లేదా అడాప్టర్ దొరుకుతుంది. ముందు చక్రాల డ్రైవ్ కార్లకు దాదాపు దొరకదు. అలాంటి చోట ఎన్‌హెచ్‌ఆర్‌ఏ నియమం చెప్పే కొలత వాడుకోదగినది: కనీసం పావు అంగుళం, అంటే 6.35 మి.మీ., ఉక్కు పలక, బెల్ హౌసింగ్ చుట్టూ 360 డిగ్రీలు. ముందు వైపు ఫ్లైవీల్‌ను, వెనక వైపు ప్రెషర్ ప్లేట్‌ను కనీసం ఒక్కో అంగుళం దాటి ఉండాలి. కవచాన్ని బెల్ హౌసింగ్‌కు గాని ఇంజన్‌కు గాని బిగించకూడదు, ఛాసిస్‌కే బిగించాలి.

ఆఖరి మాటలో తర్కం ఉంది. పేలినప్పుడు పగిలే మొదటి వస్తువు బెల్ హౌసింగ్. కవచం దాన్నే పట్టుకుని వేలాడితే దానితో పాటే ఊడిపోతుంది. స్థానికంగా చేయించే కవచాల్లో ఎక్కువగా కనిపించే తప్పు ఇదే. గేర్ బాక్స్ బోల్టులకే చెవులు పెట్టి బిగించడం సులువు కనుక అలా చేస్తారు.

మార్కెట్లో 6 మి.మీ. పలక 6.35 కంటే పలుచన. కాబట్టి 8 మి.మీ. తీసుకోవాలి. 150 మి.మీ. వెడల్పు, 1.1 మీటర్ల చుట్టుకొలత ఉన్న పట్టీ 8 మి.మీ. పలకతో సుమారు 10 కిలోలు తూగుతుంది. మామూలు ఐఎస్ 2062 మెత్తటి ఉక్కు చాలు. సాగి శక్తిని మింగే గుణం ఇక్కడ కావాలి. గట్టిగా ఉంటుందని లారీ కమాను పట్టా ముక్కలు అతికించడం సరికాదు, వెల్డింగ్ పక్కన అది పెళుసుబారుతుంది. పలకను రోలింగ్ మిషన్ మీద వంచి రెండు సగాలుగా చేసి అంచుల దగ్గర బోల్టులతో కలిపితే క్లచ్ దించేటప్పుడు సౌకర్యం. ఆ అతుకు ఫైర్ వాల్ వైపు రాకూడదు, ముందుకో కిందికో తిప్పాలి. స్టార్టర్ మోటార్, క్లచ్ ఫోర్కు దగ్గర తప్పనిసరిగా రంధ్రాలు వస్తాయి. అవి కవచంలో బలహీనమైన చోట్లు, వాటి మీద విడిగా మూత పలక పెట్టాలి. బోల్టులకు 8.8 లేదా 10.9 గ్రేడు తీసుకోవాలి. తల మీద అంకె లేని బోల్టు ఎంత లావున్నా వద్దు.

బెల్ హౌసింగ్‌కూ కవచానికీ మధ్య వేలు పట్టేంత సందు వదలాలి. ఇంజన్ రబ్బరు మౌంట్ల మీద ఊగుతుంది, కవచం ఊగదు. సందు లేకపోతే పది ల్యాపుల్లోనే రెండూ రాసుకుంటాయి.

బిగింపు, బాలెన్స్

పేలిన క్లచ్‌లలో కొన్నింటికి మూలం లోహం కాదు, ఒక వదులు బోల్టు. క్రాంక్‌కు ఫ్లైవీల్‌ను పట్టే బోల్టులు చాలా కొత్త కార్లలో ఒక్కసారి వాడి పారేసే రకం. తీసిన ప్రతిసారీ కొత్తవి వేయాలి. కంపెనీ మాన్యువల్ చెప్పిన టార్క్‌కు, మూడు దఫాలుగా, ఎదురెదురు వరుసలో టార్క్ రెంచితో బిగించాలి. గాలి గన్నుతో బిగించిన బోల్టుల్లో ఏది ఎంత బిగిసిందో ఎవరికీ తెలియదు. ప్రెషర్ ప్లేట్ డవల్ పిన్నులు తప్పనిసరి. పిన్ను లేకపోతే కవరును మధ్యకు నిలిపే భారమంతా బోల్టుల మీద పడుతుంది.

బాలెన్స్ గురించి ఒక్క అంకె చాలు. 10 సెంటీమీటర్ల దూరంలో 10 గ్రాముల తేడా ఉంటే 7,000 ఆర్‌పీఎం దగ్గర అది దాదాపు 55 కిలోల బలంతో క్రాంక్‌ను ప్రతి చుట్టుకూ గుంజుతుంది. ఫ్లైవీల్ విడిగా ఒకసారి, ప్రెషర్ ప్లేట్ బిగించాక మరోసారి బాలెన్స్ చేయించి, రెండింటి మీదా ఒకే గీత గీయాలి. మళ్లీ విప్పినప్పుడు ఆ గీత కలిసేలా బిగించాలి.

లేత్ మీద ఫేసింగ్ కొట్టించడం (రాపిడి ముఖాన్ని చదునుగా చెక్కించడం) రోడ్డు కారుకు మామూలే. రేసు ఫ్లైవీల్‌కు కనీస మందం ఎంతో ముందు తెలుసుకోవాలి. ఫేసింగ్ తర్వాత డయల్ గేజ్‌తో ముఖం ఊగిసలాట చూడాలి. నీలం మచ్చ పైపైన పోయినట్టు కనిపించినా లోపల గట్టిపడిన భాగం మిగిలి ఉంటుంది. లేత్ బిట్ ఆ చోటు మీద గెంతితే అదే సూచన, ఆ ముక్క పారేయాలి.

బీటలు వెతకడం

కంటికి కనిపించే బీట ఇప్పటికే ఆలస్యం. వెల్డింగ్ తనిఖీకి వాడే డై పెనెట్రెంట్ మూడు డబ్బాల సెట్టు ఈ పనికి సరిపోతుంది. ముందు క్లీనర్‌తో నూనె జాడ లేకుండా తుడవాలి. ఎర్ర రంగు చల్లి 10 నుంచి 15 నిమిషాలు ఆగాలి. గుడ్డతో తుడవాలి, క్లీనర్‌ను నేరుగా చల్లితే బీటలోని రంగు కూడా కడిగేసుకుపోతుంది. ఆపైన తెల్ల డెవలపర్ పలుచగా చల్లితే బీట ఉన్న చోట ఎర్ర గీత ఉబికి వస్తుంది. చూడాల్సిన చోట్లు: ప్రెషర్ ప్లేట్ రాపిడి ముఖం, దాని చెవుల మూలలు, ఫ్లైవీల్ బోల్టు రంధ్రాల చుట్టూ, క్లచ్ ప్లేట్ హబ్బు స్ప్రింగు కిటికీల మూలలు. రాపిడి ముఖం మీద అడ్డదిడ్డంగా ఉన్న పైపై గీతలు ఫేసింగ్‌తో పోతే సరే. లోపలి అంచు నుంచి బయటి అంచు దాకా వ్యాసార్ధం దిక్కున పాకిన గీత ఒక్కటి కనిపించినా ఆ రింగు తుక్కు కిందే లెక్క. పగులు సరిగ్గా ఆ దిక్కునే తెరుచుకుంటుంది.

ఇది ఎప్పుడు చేయాలన్నది వాడకాన్ని బట్టి ఉంటుంది. డ్రాగ్ కారుకు గేర్ బాక్స్ దించిన ప్రతిసారీ, సర్క్యూట్ కారుకు సీజన్‌కు ఒకసారి, తప్పు గేరు పడిన సంఘటన జరిగితే ఆ రోజే. టాకోమీటర్‌లో గరిష్ఠ ఆర్‌పీఎం గుర్తుంచుకునే సదుపాయం ఉంటే చూసుకోవాలి, కానీ క్లచ్ తొక్కి ఉండగా ప్లేట్ ఎంత తిరిగిందో అది చెప్పదు.

ఎస్‌ఎఫ్‌ఐ స్టిక్కర్ ఉన్న సామానుకు తయారీ తేదీ, మళ్లీ తనిఖీ చేయించాల్సిన గడువు ఉంటాయి. పాత సామాను చవకగా దొరికినప్పుడు ముందు చూడాల్సింది ఆ తేదీ. ఒకసారి ముక్క తగిలిన కవచం, బయటికి చిన్న సొట్టగానే కనిపించినా, సాగే గుణంలో కొంత ఖర్చు చేసేసింది. సుత్తితో కొట్టి సొట్ట తీసి, రంగు వేసి మళ్లీ బిగించిన కవచాన్ని స్క్రూటినీలో కళ్లతో పట్టుకోవడం కష్టం. అందుకే విప్పిన రోజే గ్యాస్ కటర్‌తో రెండు ముక్కలు చేసి తుక్కులో వేయడం మేలు.